పిల్లర్‌కు పర్మిషన్ కావాలి, గర్భసంచికి అక్కర్లేదు

బొగ్గుబాయిలో పిల్లర్ తీయడం ఆషామాషీ పని కాదు. కప్పును మోస్తూ నిలబడ్డ బొగ్గు దిమ్మెను కోసి బయటికి పంపాలంటే ముందు ప్లాన్ గీయాలి. పైన భూమి మీద ఊరుందా, చెరువుందా, రైలు పట్టాలున్నాయా చూడాలి. గనుల భద్రత చూసే డీజీఎంఎస్‌కు రాసి పంపి అనుమతి కాగితం తెచ్చుకోవాలి. పిల్లర్ పోయిన చోట కప్పు కూలుతుందని తెలుసు గనుక, గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి పైపుల్లో లోపలికి పంపి ఆ ఖాళీని నింపిన బాయిలు మన దగ్గర ఎన్నో. ముప్పై ఏళ్లు బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ పట్టిన మా నాయిన ఈ సంగతులన్నీ అన్నం తింటూ చెప్పేవాడు.

అదే నాయిన పెద్దబిడ్డకు, అంటే మా అక్కకు, ముప్పై రెండో ఏట గర్భసంచి తీసేశారు. దానికి పట్టింది ఒక స్కానింగ్, ఒక సంతకం, ఒక మధ్యాహ్నం. ఆ సంతకం కూడా ఆమెది కాదు, మా బావది. "ఇద్దరు పిల్లలైన్రు, ఆపరేషన్ గూడ అయింది, ఇంక ఈ సంచితోని ఏం పనమ్మా? ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అయితది" అన్నారట. ఏ ప్రైవేటు దవాఖానో నేను రాయను. పేరు రాస్తే చదివినవాళ్లు ఆ ఒక్క బోర్డు మీద కోపం తెచ్చుకుని మిగతా బోర్డులన్నీ మర్చిపోతారు.

గోదావరిఖనిలో మా సింగరేణి టీ-టూ క్వార్టర్ల లైనులో ఆడవాళ్లు పొద్దుగూకే యాళ్లకు నల్లా దగ్గర చేరితే "గర్భసంచి తీయించుకున్నవా?" అన్న మాట "బియ్యం దెచ్చుకున్నవా?" అన్నంత మామూలుగా వస్తుంది. వయసు అడిగితే ముప్పై, ముప్పై మూడు, ఇరవై తొమ్మిది. నల్లా కాడి ముచ్చటను లెక్కగా చూపిస్తున్నానని ఎవరూ అనకండి. లెక్క కావాలంటే సర్కారుదే ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలంగాణలో 7.7. దేశానికే మొదటి రెండు స్థానాలు మనవి! 2019-21లో మళ్లీ లెక్కపెడితే దేశం 3.3 దగ్గరే ఉంది, ఆంధ్రప్రదేశ్ 8.7కి కాస్త తగ్గింది, తెలంగాణ 8.2కి పెరిగింది. తెలుగు ఆడదాని కడుపును దేవుడు వేరే మట్టితో చేశాడా? కేరళ ఆడవాళ్లకు గడ్డలు రావా?

ఆ మొదటి సర్వేలోనే ఇంకో రెండు సంగతులున్నాయి. ఆపరేషన్ నాటి వయసులను వరుసగా పేరిస్తే నడుమ వచ్చేది 34 ఏళ్లు. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు జరిగింది ప్రైవేటులో. కారణం అడిగితే సగానికి పైగా చెప్పింది బ్లీడింగ్, నొప్పి. దాదాపు ఐదో వంతు మంది చెప్పింది గడ్డలు.

గడ్డ. మోసం ఈ మాటతోనే మొదలవుతుంది. మన దగ్గర ఉల్లిగడ్డా గడ్డే, ఆలుగడ్డా గడ్డే, చంకలో లేచిన సెగగడ్డా గడ్డే, క్యాన్సర్ గడ్డా గడ్డే. స్కానింగ్ గదిలోంచి "గడ్డలున్నయ్" అన్న మాట బయటికి రాగానే మొగుడి ముఖం తెల్లబోతుంది, అత్త దేవునికి మొక్కుతుంది, అప్పుకు తిరగడం మొదలవుతుంది. ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి గోడలోని కండరమే ముడిపడి పెరిగిన కాయ. ఆడవాళ్ల హార్మోన్లే దానికి తిండి. ముట్లుడిగితే ఆ తిండి ఆగి అదే ఎండుకుపోతుంది. అమెరికాలో వెతికి వెతికి స్కాన్ చేసి చూస్తే యాభై ఏళ్లు వచ్చేసరికి నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్లలో ఇవి కనిపించాయి. చాలామందికి ఒక్క ఇబ్బందీ లేదు, ఉన్నట్టు కూడా తెలియదు. తెల్లవెంట్రుకలు కనిపించాయని తల కొట్టేసుకుంటామా?

క్యాన్సర్ భయం గురించి కూడా నిజమే చెప్పాలి, దాచకూడదు. గర్భసంచి కండరంలో పుట్టే సార్కోమా అనే క్యాన్సర్ ఉంది. ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేసినవాళ్లలో అది బయటపడేది 350 మందిలో ఒకరికి అని 2014లో అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ లెక్కగట్టింది. చాలా ఎక్కువ చేసి చెప్పారని తర్వాత ఎందరో డాక్టర్లు వాదించారు, వాళ్ల అంచనా వేలల్లో ఒకటి రెండు. పైగా అది చాలావరకు విడిగా పుట్టేదే తప్ప మామూలు ఫైబ్రాయిడ్ ముదిరి క్యాన్సర్ అయ్యేది కాదు. నలభై అయిదు దాటిన మనిషికి బ్లీడింగ్ గతి తప్పితే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, అది వేరే సంగతి. ఆ ముక్క పరీక్ష చేయకుండా మొత్తం సంచినే కోసి బకెట్లో పడేసి "క్యాన్సర్ రాకుండ కాపాడినం" అనడం వైద్యం కాదు. ఇల్లు కాలుతుందేమోనని ముందే కూలగొట్టడం.

గడ్డ సైజు కంటే అది ఎక్కడుంది అన్నదే ముఖ్యం. బాయి మనుషులకు ఈ మాట వివరించనక్కర్లేదు. పగులు కప్పులో ఉందా, పక్క గోడలో ఉందా, ఉపరితలం మీదుందా అన్నదాన్ని బట్టే ప్రమాదం. గర్భసంచిలోనూ అంతే. లోపలి ఖాళీలోకి పొడుచుకొచ్చిన గడ్డ గోలీకాయంతదైనా రక్తం వరదలా పోయిస్తుంది. బయటి వైపు పెరిగినది అంతకు ఎన్నో రెట్లున్నా ముట్టు మీద దాని పెత్తనం దాదాపు ఉండదు. స్కాన్ కాగితంలో ఈ ముక్క రాసే ఉంటుంది, ఇంగ్లీషులో. ఎవరు చదివి చెప్పారు మీకు?

ఇక దారులు. ఏమీ చేయకుండా ఆరు నెలలకో ఏడాదికో చూసుకుంటూ ఉండటం మొదటి దారి. ఇబ్బంది లేని గడ్డకు ఇదే సరైన వైద్యం, దీనికి బిల్లు రాదు కాబట్టే ఎవరూ చెప్పరు. బ్లీడింగ్ ఎక్కువైతే ఆ నాలుగు రోజులు వేసుకునే ట్రానెగ్జామిక్ యాసిడ్ బిళ్లలున్నాయి. నొప్పికి మెఫెనమిక్ ఉంది. హార్మోన్ మాత్రలున్నాయి. గర్భసంచిలో పెట్టే చిన్న సాధనం, మిరీనా వంటిది, ఏళ్ల తరబడి లోపల కొంచెం కొంచెంగా హార్మోన్ వదులుతూ రక్తాన్ని తగ్గిస్తుంది. లోపలి ఖాళీ గడ్డలతో వంకర తిరగకపోతే అది బాగా పనిచేస్తుంది. వీటన్నిటికంటే ముందు ఐరన్. 2019-21 సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం లేక కాళ్లీడ్చుకుంటూ నడిచే మనిషికి ముందు రక్తం పట్టించాలి గానీ, "హిమోగ్లోబిన్ ఆరుంది, వెంటనే ఆపరేషన్" అని బెదిరిస్తారా? గడ్డను కొన్ని నెలలు కుంచించే ఇంజెక్షన్లున్నాయి. ఎముకలకు చేటు కాబట్టి ఎక్కువ కాలం వాడరు. ఆపరేషన్‌కు ముందు రక్తం కూడదీసుకోవడానికి మాత్రం పనికొస్తాయి.

అయినా తగ్గకపోతే? అప్పుడు కూడా తీయాల్సింది గడ్డను, సంచిని కాదు. లోపలికి పొడుచుకొచ్చిన గడ్డనైతే కడుపు మీద కత్తి పెట్టకుండానే, కింది దారి నుంచే కెమెరా గొట్టం పంపి చెక్కేస్తారు. ఆ పూటే ఇంటికి రావచ్చు. గోడలో ఉన్నవాటిని లాప్రోస్కోపీతోనో కోతతోనో ఒలిచి తీసి సంచిని కుట్టేస్తారు. ఇదేదో నిన్న మొన్న వచ్చిన విద్య కాదు. ఇంగ్లండులో విక్టర్ బానీ అనే సర్జన్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే దీనికోసం తోటి డాక్టర్లతో పోట్లాడాడు. ఆయన భార్యకు ఫైబ్రాయిడ్ వల్లే గర్భసంచి తీసేశారు, పిల్లలు లేకుండా పోయారు. ఆ దెబ్బ తిన్నవాడు గనుకే జీవితమంతా సంచిని దక్కించే కోతకు అంకితమయ్యాడు. వందేళ్ల కింద ఒక మగవాడికి తన ఇంట్లో జరిగాక తట్టిన బుద్ధి, మన డాక్టర్లకు ఎవరింట్లో జరిగితే తడుతుంది?

ఎంబొలైజేషన్ అని ఒకటుంది. ఈ మాట మా లైనులో ఒక్క ఆడమనిషి కూడా విని ఉండదు, అందుకే కాస్త నిలబడి చెప్తాను. 1995లో పారిస్‌లో రవినా అనే డాక్టరు బృందం దీన్ని లోకానికి చెప్పింది. గజ్జల్లోంచో మణికట్టులోంచో సన్నని గొట్టాన్ని రక్తనాళంలోకి పంపి, గర్భసంచికి రక్తం మోసే నాళాల్లోకి ఇసుక రేణువుల్లాంటి గింజలు వదులుతారు. తిండి అందని గడ్డ కుంచించుకుపోతుంది. రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది, జ్వరం రావచ్చు. కొందరికి అయిదేళ్లలో మళ్లీ ఏదో ఒక చికిత్స అవసరం పడుతుంది. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఇది మొదటి ఎంపిక కాదు. ఇవన్నీ నిజమే. కానీ గర్భసంచి తీసేయాలని తేలిన ఆడవాళ్లనే తీసుకుని నెదర్లాండ్స్‌లో దీన్ని చేసి పదేళ్లు వెంటపడి చూస్తే, దాదాపు మూడింట రెండు వంతుల మందికి సంచి తీయాల్సిన అవసరమే రాలేదు. మరి ఎవరూ ఎందుకు చెప్పరు? ఎందుకంటే దీన్ని చేసేది గైనకాలజిస్టు కాదు, రేడియాలజిస్టు. చెప్పిన పాపానికి పేషెంటు మెట్లు దిగి ఇంకో డాక్టరు దగ్గరికి పోతుంది. కిరాణా కొట్టువాడు పక్క కొట్లో మంచి బియ్యముందని చెప్తాడా?

సంచి తీయడం ఎప్పుడూ తప్పే అని నేను అనడం లేదు. క్యాన్సర్ ఉంటే తీయాలి. అయిదో నెల కడుపంత గడ్డతో మూత్రం ఆగిపోయే మనిషికి, అన్నీ వాడి విసిగి "నాకు ఇది వద్దు" అని అంతా తెలిసి అడిగే మనిషికి తీయాలి, మంచిగా తీయాలి, అండాశయాలు ముట్టుకోకుండా తీయాలి. నా కొట్లాట ఆ ఆపరేషన్‌తో కాదు. ఆఖరి మెట్టును మొదటి మెట్టు చేసినవాళ్లతో.

పిల్లర్ పోతే కప్పు కూలుతుందన్నాను కదా. సంచితో పాటు "ఎట్లాగూ కడుపు కోసినం" అని అండాశయాలు కూడా తీసేస్తే ఆ పూటే ముట్లుడిగిన ముసలితనం మొదలవుతుంది. ఒంట్లో సెగలు, నిద్ర లేకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు. అండాశయాలు ఉంచినా భద్రం కాదు. సంచి పోయినవాళ్లలో అవి తొందరగా ఆగిపోయే ప్రమాదం దాదాపు రెట్టింపని అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీవాళ్లు 2011లో తేల్చారు. బాయిలో ఖాళీకి ఇసుక నింపుతారు. మా అక్కకు యాభై దాటకముందే నడుం వంగింది, నింపడానికి ఏ గొట్టమూ రాలేదు.

"ఆడోళ్లే వచ్చి తీసేయమని అడుగుతున్నరు మేడం, మేమేం జేయాలె?" ఈ మాట నాతో ఒకరిద్దరు డాక్టర్లు నిజాయితీగానే అన్నారు. అవును, అడుగుతున్నారు. ఎందుకు అడగరు? తెలంగాణలో పెళ్లయిన ప్రతి పదిమంది ఆడవాళ్లలో ఆరుగురికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది, అదీ చాలామందికి ఇరవైల్లోనే. పిల్లలు కనడం అయిపోయాక సంచి ఖాళీ బస్తా అని నేర్పింది మీరూ, మేమూ, మొత్తం ఊరూ. నెలకు పది రోజులు బ్లీడింగ్ అవుతుంటే ఓపెన్‌కాస్ట్ దుమ్ములో ఊడ్చే కాంట్రాక్టు ఆడమనిషి బట్ట మార్చుకోవడానికి చాటు ఎక్కడిది? నాలుగు రోజులు నాగా పడితే ఆమె కూలి ఎవరిస్తారు? బదిలీ వర్కర్‌గా చేరిన ఆడపిల్లకు హాజరు మస్టర్లు నిండకపోతే ఎట్లా? ముట్టయితే దేవుడి గది వైపు పోవద్దంటారు, ఊరగాయ జాడీ ముట్టొద్దంటారు. ఇన్ని చెరల నుంచి విడుదల కోసం "తీసెయ్యిండ్రి" అంటుంది. ఆమె అడిగింది విడుదల, మీరు అమ్మింది కోత. ఒక బిళ్ల ఉందనీ, ఒక సాధనం ఉందనీ, ఇంకో పదేళ్లు ఓర్చుకుంటే అదే ఎండుతుందనీ చెప్పిన తర్వాత కూడా అడిగితే, అప్పుడు ఆమె అడిగినట్టు.

ఇదంతా ఎవరికీ తెలియనిదా? హైదరాబాద్‌లోని లైఫ్-హెల్త్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ గ్రూప్ డాక్టర్లు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ మెదక్ పల్లెల్లో తిరిగి, అవసరం లేకుండా సంచులు పోగొట్టుకున్న పడుచు ఆడవాళ్ల సంగతి 2009 నాటికే బయటపెట్టారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ ఆపరేషన్లు ఎంత రచ్చయ్యాయంటే, ఉమ్మడి రాష్ట్ర సర్కారే వీటిని ప్రైవేటు నుంచి తప్పించి ప్రభుత్వ దవాఖానలకు పరిమితం చేయవలసి వచ్చింది. ఆరోగ్యశ్రీ కిటికీ మూస్తే జేబు కిటికీ తెరుచుకుంది, అంతే.

చట్టం కూడా నిద్రపోలేదు. ఢిల్లీలో నలభై నాలుగేళ్ల సమీరా కోహ్లి 1995లో పరీక్ష కోసం మత్తు తీసుకుంటే, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి ఒప్పుకుందని చెప్పి సంచీ అండాశయాలూ తీసేశారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది: ఒళ్లు ఎవరిదో ఒప్పుకోలు వాళ్లదే కావాలి, తల్లిది చెల్లదు, ఇతర దారులు ఏమున్నాయో ముందే చెప్పాలి. తల్లి సంతకమే చెల్లనప్పుడు మొగుడి సంతకం ఎట్లా చెల్లింది? డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన కేసు మీద 2023 ఏప్రిల్ 5న అదే సుప్రీంకోర్టు ఇంకో తీర్పిచ్చింది. కేంద్రం 2022లో రాసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలంది. వాటి ప్రకారం గర్భసంచి ఆపరేషన్లను కనిపెట్టి చూసే కమిటీ దేశానికి ఒకటి, రాష్ట్రానికి ఒకటి, ప్రతి జిల్లాకూ ఒకటి ఉండాలి.

పెద్దపల్లి జిల్లా లెక్క ఏ గోడకు అతికించారు? ఏ నెలలో, ఏ దవాఖానలో, ఎంత వయసు ఆడవాళ్లకు, ఏ కారణంతో? కలెక్టరేట్‌లో అడగండి. నేను ఒక్కదాన్ని అడిగితే పిచ్చిది అంటారు, లైనుకు పదిమంది పోయి అడగండి.

ఇప్పుడు కంపెనీ. సింగరేణి ఎవడి సొంత దుకాణమూ కాదు, 51 శాతం తెలంగాణ సర్కారుది, 49 శాతం కేంద్రానిది. గోదావరిఖనిలో ఏరియా ఆస్పత్రి ఉంది. 2022లో రామగుండంలో సింగరేణి పేరుతోనే, సింగరేణి సొమ్ముతోనే మెడికల్ కాలేజీ మొదలైంది. ఒక కార్మికుడి మోకాలు అరిగి అన్‌ఫిట్ కావాలంటే కొత్తగూడెంలో మెడికల్ బోర్డు కూర్చోవాలి, ఒకరికి ఇద్దరు డాక్టర్లు చూడాలి, ఫైళ్లు తిరగాలి, యూనియన్లు కొట్లాడాలి. అదే కార్మికుడి భార్య కడుపులో అవయవానికి ఏ బోర్డూ లేదు. ఆమె కంపెనీ కార్డు మీద పేరే తప్ప బొగ్గు తీయదు కదా!

నాకు కావలసినవి పెద్దవేం కావు. కంపెనీ ఖర్చుతో ఎక్కడ గర్భసంచి తీసినా నలభై లోపు ఆడదాన్ని రెండో డాక్టరు చూడనిదే బిల్లు పాస్ కావద్దు. ఏరియా ఆస్పత్రిలో గడ్డను కింది నుంచి తీసే కెమెరా, అది వాడే చెయ్యి రెండూ ఉండాలి. ఎంబొలైజేషన్ కావాలంటే గుండెజబ్బుకు హైదరాబాద్ రిఫర్ చేసినట్టే రిఫర్ చేయాలి. పైన నేను రాసిన దారులన్నీ తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఒక్క కాగితం మీద అచ్చేసి ప్రతి డిస్పెన్సరీలో ఇవ్వాలి. కాంట్రాక్టు కార్మికుల ఇంటి ఆడవాళ్లను కూడా అదే బల్ల మీద పడుకోబెట్టి చూడాలి.

యూనియన్ అన్నలకు ఒక్క మాట. ఒక్క రోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోసే చట్టం మీద 1981లో ఈ బొగ్గు బెల్టు 56 రోజులు బాయిలు బంద్ పెట్టింది. అప్పుడు ఇంట్లో పొయ్యి లేవకపోయినా మీ వెనక నిలబడ్డది మా అమ్మలే. జీతం కోత మీద అంత కొట్లాడిన వాళ్లు, ఇంటి ఆడదాని కడుపు కోత మీద ఒక్క గేట్ మీటింగ్ పెట్టారా? మీ డిమాండ్ల కాగితంలో ఒకటి నుంచి ఇరవై వరకు చదివాను. గర్భసంచి అన్న మాట పలకడానికి కూడా సిగ్గేనా?

పోయిన దసరాకు అక్క ఇంటికి పోయినప్పుడు బీరువా అడుగున బట్టల కింద ఆ పాత స్కానింగ్ కవరు దొరికింది. పంతొమ్మిదేళ్ల కాగితం, మడతల దగ్గర చినిగింది. ఫిల్మును వెలుతురుకు పట్టి, కింద రాసిన ఇంగ్లీషు చదివాను. ఒకే ఒక్క గడ్డ. బయటి వైపుది. మూడు సెంటీమీటర్లు.

"ఏం రాసిండ్రు చెల్లె?"

చెప్పాను. బయటి వైపు అంటే ఏమిటో కూడా చెప్పాను.

"మూడు సెంటీమీటర్లంటే ఎంతుంటది?"

వాకిట్లో చెట్టు కింద రాలిన ఉసిరికాయ ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. అక్క దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత కొంగుకు తుడిచి, కొరకలేదు, కిటికీలో పెట్టింది.